శ్యామలవర్ణ మాసోత్సవం

అంటే ఆ మాట నేనే అనాలన్నమాట, నా నోటితో, మైకు ముందు నిలబడి, హాలు నిండా జనం నా మొహంలోకి చూస్తుండగా, నేను నల్లదాన్ని అని, అమెరికా నుంచి వచ్చినావిడ ఇంగ్లీషులో ఐ యామ్ ఎ బ్లాక్ ఉమన్, ఎ ఫిషర్‌మ్యాన్స్ డాటర్ అనేసి ఆగుతారు, ఆగి నా వైపు చూస్తారు, అప్పుడు నేను అందుకోవాలి, ఆవిడ ఏమంటున్నారంటే అని మొదలుపెట్టకూడదు, దుబాసీ అన్నాక ఆవిడ లేదు ఈవిడ లేదు, మాట్లాడేవాళ్ళ నేను మన నేను అయిపోవాలి, ఈ సూత్రాన్ని నేనే కాలేజీలో పిల్లలకి బోర్డు మీద రాసి మరీ చెబుతాను, చెప్పినప్పుడల్లా నా మీద నాకే ముచ్చటేసేది, ఇప్పుడు ఆ సూత్రమే వచ్చి మెడకి చుట్టుకుంది, స్టేజీ పక్కన ఈ తెర వెనక ఇంత ఏసీలోనూ వీపంతా చెమట, అవతల జ్యోతి వెలిగిస్తున్నారు, ఒక్కొక్కరినే పిలిచి వత్తి ముట్టించమంటున్నారు, ముట్టించండి, ఇంకో ఇద్దరు ముగ్గుర్ని పిలవండి, ఎవరినైనా మర్చిపోయారేమో చూసుకోండి, వాళ్ళు అలుగుతారు, ఆ వత్తులు అంటుకోకపోతే బాగుండు, కరెంటు పోతే బాగుండు, నాకు చాలా భయంగా ఉంది.

నేను నల్లజాతి మహిళని అనొచ్చు, పేపర్లవాళ్ళు అలాగే రాస్తారు, మర్యాదగా ఉంటుంది, ఎక్కడో సముద్రాల అవతల ఉన్నవాళ్ళ సంగతిలా ఉంటుంది, విన్నవాళ్ళెవరూ నా చేతుల వైపు చూడరు, కానీ జాతి అన్న మాట మాత్రం ఎత్తొద్దన్నారు రమణమూర్తి గారు, నగర సాంస్కృతిక సమితి కార్యదర్శి, ఈ సభ మొత్తం ఆయన నెత్తి మీదే నడుస్తోంది, జాతి అంటే కులం గొడవ, నల్ల అంటే రంగు గొడవ, రెండూ వద్దండి అనూరాధ గారూ, అంత పెద్దావిడ్ని పట్టుకుని స్టేజీ మీద నల్లావిడ అంటామేటండీ, బాగోదు గదా అని, నిఘంటువు ముందేసుకుని కూర్చుని, అమెరికాలో ఏటా ఫిబ్రవరి నెలంతా అధికారికంగా జరిపే బ్లాక్ హిస్టరీ మంత్‌ని, అక్కడి నల్లవాళ్ళు పడినదాన్నీ పోరాడి తెచ్చుకున్నదాన్నీ ఆ దేశానికి ఇచ్చినదాన్నీ తలుచుకునే నెలని, మన విశాఖలో మొదటిసారి లాంఛనంగా జరుపుతున్నాం కాబట్టి అందంగా ఉండాలని, శ్యామలవర్ణ చరిత్ర మాసోత్సవం చేసి పెట్టారు, బంగారు రంగు అక్షరాలతో ఫ్లెక్సీలు కొట్టించి ద్వారకా నగర్ అంతా కట్టించారు, పొద్దున్న గేటు దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు పసుపు కుంకుమల పళ్ళెం పట్టుకుని, శ్యామలాదేవి అమ్మోరిని ఎటేపు పెట్టినారమ్మా అని నన్నే అడిగారు, నవ్వు రావాల్సిన మాట, నాకు రాలేదు, రమణమూర్తి గారు వాళ్ళని పంపించనైనా లేదు, జనం పల్చగా ఉన్నారు, కూకోబెట్టండి అన్నారు, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని అమ్మవారి కోసం చూస్తూ కూర్చున్నారు పాపం.

ఉండబట్టలేక అడిగాను, మరి ఆవిడ బ్లాక్ అన్నప్పుడు నేనేమనాలండీ అని, ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, చామనచాయ అనీండి, సరిపోద్ది అన్నారు, చామనచాయ, ఆ మాట చెవిన పడగానే తవిటత్త గుర్తొచ్చింది, నాన్న చెల్లెలు, నాకు సంబంధాలు చూసే రోజుల్లో వచ్చినవాళ్ళతో పిల్ల ఎమ్మే సదివింది, ఇంగిలీసు గడగడ మాటాడద్ది అని వీధి చివరిదాకా వినబడేటట్టు చెప్పి, ఆ తర్వాత ముందుకి వంగి, గొంతు తగ్గించి, కొంచెం సామనసాయ అనుకోండి, అనేది, నేను గోడ ఇవతల ఉండి వినేదాన్ని, ఆ గొంతు తగ్గడం వినేదాన్ని, ఇంట్లో ఎవరికైనా చెప్పుకోకూడని జబ్బు ఉంటే అలాగే కదా చెబుతారు, ఇప్పుడు నేను అంత పెద్ద హాల్లో, మైకు పెట్టుకుని, గొంతు తగ్గించకుండా చెప్పాలి, ఎలా చెప్పడం, నా వల్ల కాదు, తలనొప్పి అని చెప్పేస్తాను, కళ్ళు తిరిగాయని పడిపోతాను, పడిపోవడం ఏమంత కష్టం కాదు.

నవ్వుతారు, అదే నా భయం, దానికి ఇంకో పేరు లేదు, ఆవిడని చూసి ఎవరూ నవ్వరు, ఆవిడ అమెరికా, ఆవిడ డాక్టరు, ఆవిడకి శాలువా, జ్ఞాపిక, నల్లదాన్ని అని నేను అనగానే నన్ను చూసి నవ్వుతారు, ఇక్కడికి రెండు వీధుల అవతలే ఉండేది నేను చదివిన ఇంగ్లీషు మీడియం బడి, ఇప్పుడు కోచింగ్ సెంటర్ అయిపోయింది, ఫిషింగ్ హార్బర్ దగ్గర బస్సెక్కి వచ్చేదాన్ని, రిబ్బన్ జడలు, పౌడరు కాస్త ఎక్కువే, కొత్త టీచరు హాజరు పిలుస్తూ కర్రి అనూరాధ అంది, ప్రెజెంట్ మిస్ అని లేచాను, ఆవిడ తలెత్తి నన్ను చూసింది, చెడ్డమనిషేం కాదు, ఏదో సరదాకి, ఇంటిపేరు భలే కుదిరిందే అంది, కర్రి అంటే మా వైపు నలుపే కదా, కర్రోడు, కర్రిది అంటారు, క్లాసంతా ఒక్కసారి గొల్లుమంది, నా పక్కన కూర్చున్న పిల్ల కూడా, నా పెన్సిలు చేతిలో పట్టుకుని మరీ నవ్వింది, నేనూ నవ్వాను, అదే నన్ను ఇప్పటికీ చంపుతుంది, నేనూ నవ్వాను, ఆ రోజు నుంచి నేను కె. అనూరాధ, కె అంటే ఏమిటని ఎవరైనా అడిగితే కె అంటే కె, నాన్నగారేం చేస్తారంటే బోట్ల వ్యాపారం, చ దగ్గర స పలక్కుండా, నాను అనకుండా, ఏటి అనకుండా, నాలుకని అద్దం ముందు కూర్చోబెట్టి దిద్దుకున్నాను, ఇవాళ ఇంత మంచి తెలుగు మాట్లాడుతుందని కాదూ ఈ పనికి నన్ను పిలిచారు, అయ్యో దేవుడా, జ్యోతి వెలిగించడం అయిపోయినట్టుంది, చప్పట్లు.

ఇంకా కాస్త సమయం ఉంది, స్వాగత వచనాలు ఉన్నాయి, రమణమూర్తి గారు మైకు పట్టుకుంటే అంత తొందరగా వదలరు, ఎంతసేపైనా మాట్లాడండి సార్, అదిగో ఆవిడ, వెర్నెల్ గాస్కిల్ గారు, స్టేజీ మీద మధ్య కుర్చీలో, డెబ్భై దాటిన మనిషి, పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, గంట కిందట గదిలో నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి అడిగారు, మీ భాషలో బ్లాక్‌ని ఏమంటారు అని, నల్ల అన్నాను, నల్లా అన్నారు సాగదీసి, అలా సాగదీస్తే హైదరాబాదులో మంచినీళ్ళ కుళాయి అవుతుందని చెప్పలేదు, నాకు నవ్వే ఓపిక లేదు, ఆవిడ అన్నారు, మాకు వాళ్ళూ వీళ్ళూ పెట్టిన పేర్లు చాలా ఉన్నాయమ్మా, ఈ ఒక్కటీ మేం ఏరి పెట్టుకున్నది, ఒకప్పుడు తిట్టే, దాన్నే తీసి నెత్తిన పెట్టుకున్నాం, దయచేసి దీన్ని మెత్తబరచకు, అని, నేను తల ఊపాను, నా తలకి ఊగడం తప్ప ఏం వచ్చు, ఆ తర్వాత వాళ్ళ నాన్న గురించి చెప్పారు, కరోలినా తీరంలో ఆయన మెన్‌హేడెన్ అనే చేప వేటకి వెళ్ళేవారట, ఆవిడ ఆ చేప ఫొటో చూపిస్తే అచ్చం మన కవళ్ళ చేపలా ఉంది, రెండు పడవలు చుట్టూ వల మూసేసి లాగేవారట, చేపల బరువుకి వల కదలనప్పుడు ఒకడు పాట ఎత్తుకునేవాడట, తక్కినవాళ్ళు అందుకుని ఒక్క ఊపున లాగేవారట, లాగేవాళ్ళంతా నల్లవాళ్ళే, ఆ చేపల్లోంచి నూనె తీసి, పిండి చేసి, దేశం మొత్తం పొలాలకి ఎరువు వేసుకున్నారట, వల లాగేటప్పుడు మావాళ్ళు పాడే అంబా పాట అని నా నాలుక చివరిదాకా వచ్చింది, మా నాన్న కూడా అండీ, మా నాన్న గొంతు ఎత్తితే తెప్ప మీద అందరూ అందుకునేవారండీ, రాత్రి కలలో కూడా వల లాగేవాడండీ, అవునా, ఎంత ఆసక్తికరం, అన్నాను, ఇంగ్లీషులో, మొహం మీద ఈగ వాలనివ్వకుండా.

ఇంకో మాట కూడా చెప్పారు, అది తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తోంది, వాళ్ళ ముత్తవ్వని చిన్నపిల్లగా ఉన్నప్పుడు బానిసల సంతలో వేలం వేశారట, ఆక్షన్‌డ్ అన్నారు, ప్రసంగంలో ఆ వాక్యం ఉంది, దాన్ని తెలుగు చెయ్యాలి, వేలం వేశారు, అంతే, ఇంకో మాట లేదు, మా ఇంట్లో అన్నం కంటే ముందు పుట్టిన మాట అది, తెల్లారకముందే హార్బర్‌లో చేపలు గుట్టలు పోసి అమ్మ అరిచే మాట, వేలం పాట, పండుగప్ప పాట, కోనాం పాట, నల్ల సందువ పాట, తోక పట్టి ఎత్తి చూపించేది, మొప్ప తీసి చూపించేది, ఆ పిల్లని కూడా అలాగే ఎత్తి చూపించారా, నోరు తెరిపించి పళ్ళు చూశారా, గదిలో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే చల్లబడిపోయాను, నాది ఏపాటి భయం, ఒక క్లాసు నవ్వింది, అంతేగా, కొరడా దెబ్బ తినలేదు, కొనుక్కుపోలేదు ఎవరూ, సిగ్గేసింది, కానీ సిగ్గేసినంత మాత్రాన భయం తగ్గుతుందా, పక్కింటివాళ్ళకి పెద్ద జబ్బు చేసిందని మన జ్వరం దిగుతుందా, దిగలేదు, ఇప్పుడు రెండూ ఉన్నాయి, సిగ్గూ భయమూ.

తెర సందులోంచి చూడకుండా ఉండాల్సింది, ఎందుకు చూశాను, పళ్ళెం ఆడవాళ్ళ పక్కన, మూడో వరసలో, నీలం నైలాన్ చీర, ముక్కుకి రెండు వైపులా బేసరులు, అమ్మ, మా అమ్మ సూర్యకాంతమ్మ, పొద్దున్న ఫోన్ చేసి, నీ మాటలు ఇనాలనుందే, ఒచ్చీనా అంది, ఒద్దమ్మా అంతా ఇంగ్లీషే, నీకేం అర్థమవుతుంది అన్నాను, ఇంగిలీసైతే ఏటి, నీ గొంతు నాకు తెలవదేటి అంది, ఆ వెనక హార్బర్‌లో ఐసు గుద్దుతున్న చప్పుడు, ఫోన్ పెట్టేశాను, వచ్చేసింది, వేలం అయిపోగానే అటు నుంచి అటే వచ్చేసింది, తట్ట వాచ్‌మన్ దగ్గర పెట్టి ఉంటుంది, పక్కావిడతో అప్పుడే కబుర్లు మొదలుపెట్టింది, ఏం చెబుతోందో, అది నా కూతురే అని చెప్పేసిందేమో, నా పై ప్రాణాలు పైనే పోయాయి, ఇప్పుడు ఆ వాక్యం అమ్మ కూడా వింటుంది, అనువాదం అంటే ఏమిటో అమ్మకి తెలీదు, ఎవరి మాటో ఎవరో చెప్పడమేంటి అనుకుంటుంది, నా నోట్లోంచి వస్తే అది నా మాటే అమ్మకి, నేను నల్లదాన్ని అని ఇన్నేళ్ళలో ఆవిడ ముందు ఒక్కసారి కూడా అనలేదు, పౌడరు డబ్బా తెచ్చిపెట్టేది తనే, మా నాన్న చేపలు పట్టేవాడు అని ఆవిడ వినేటట్టు బయట ఎవరితోనూ అనలేదు, పారిపోవడానికి వెనక తలుపు ఉంది, గొళ్ళెం కూడా వేసి లేదు, నాలుగడుగులు వేస్తే మెట్లు, మెట్లు దిగితే రోడ్డు.

ఇప్పుడు వారి ప్రసంగాన్ని తేట తెలుగులో మనకి అందించేది శ్రీమతి కె. అనూరాధ గారు, అంటున్నారు, నన్నే, నడుస్తున్నాను, ఎవరు నడిపిస్తున్నారో తెలీదు, దీపాల వెలుగు మొహం మీద పడింది, ఈ వెలుగులో ఇంకా నల్లగా కనిపిస్తానేమో, రమణమూర్తి గారు దిగి వెళ్ళి ముందు వరసలో కూర్చుని నా వైపే చూస్తున్నారు, వెనక వరసల్లో కాలేజీ పిల్లలు, అటెండెన్స్ కోసం వచ్చినవాళ్ళు, ఫోన్లు పైకెత్తారు, వెర్నెల్ గారు లేచి మైకు దగ్గరికి వచ్చి హాలంతా ఒకసారి చూసి, తొందరలేని మనిషి, గుడ్ మార్నింగ్ అన్నారు, శుభోదయం అన్నాను, బాగానే వచ్చింది, ఐ యామ్ ఎ బ్లాక్ ఉమన్, అని ఊపిరి తీసుకుని, ఎ ఫిషర్‌మ్యాన్స్ డాటర్, అని ఆగారు, ఆగి, చెప్పినట్టే, నా వైపు తిరిగారు.

నేను, అన్నాను, తర్వాత ఏమీ లేదు, నల్లజాతి మహిళని అని ఎన్నిసార్లు అనుకున్నాను, ఎక్కడికి పోయింది ఆ మాట, నేను, అన్నాను మళ్ళీ, మైకులో నా ఊపిరి నాకే వినిపిస్తోంది, రమణమూర్తి గారు పెదాలు కదుపుతున్నారు, చామన, చామన అని, బడిపిల్లకి పరీక్షలో అందించినట్టు, ఎవరో దగ్గారు, నేను అన్న మాట మూడోసారి రాలేదు, భయం ముదిరినప్పుడు మనిషికి నేర్చుకున్నవేవీ గుర్తుకు రావు కాబోలు, నీళ్ళలో పడ్డవాడు వ్యాకరణం చూసుకుని అరుస్తాడా, నా నోట్లోంచి, నాకు తెలీకుండా, అద్దం ముందు దిద్దుకోకముందు ఉన్న గొంతొకటి లేచి, నాను నల్లదాన్ని, సేపలు పట్టీవోడి కూతుర్ని, అనేసింది.

నవ్వారు, వెనక నుంచి, సేపలు అన్నందుకు ఒకడు, పట్టీవోడు అన్నందుకు ఇంకొకడు, నల్లదాన్ని అన్నందుకు తక్కినవాళ్ళు, అదే నవ్వు, నాకు గుర్తే, ఇన్నాళ్ళూ ఎక్కడికీ పోలేదు, నా కోసమే ఆ వెనక వరసలో కూర్చుని ఉంది, చెవుల్లోకి రక్తం ఎక్కి హోరుమంటోంది, ఇక్కడే పడిపోతాను, ఇప్పుడే, అనుకుంటుండగా ఆ హోరులోంచి ఇంకో గొంతు, వేలంలో అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు, మైకు అవసరం లేని గొంతు, ఏట్రా ఆ నవ్వు, అంది, ఏటన్నాదని నవ్వుతన్నారు, ఉన్నమాటే గదా సెప్తంది నా కూతురు, నాను నల్లదాన్ని గానా, ఆళ్ళ నాన్న సేపలు పట్టీవోడు గాడా, అని మూడో వరసలో లేచి నిలబడి, వెనక్కి తిరిగి, నడుం మీద చెయ్యి వేసుకుని అడిగింది, హాలంతా ఆవిడ వైపు తిరిగింది, ఆవిడ నుంచి నా వైపు తిరిగింది, రమణమూర్తి గారి నోరు చామన దగ్గరే తెరుచుకుని ఉండిపోయింది, నవ్వినవాళ్ళు ఫోన్లు దించారు, నువ్వు సెప్పమ్మా అనూ, అని అమ్మ కూర్చుంది.

వెర్నెల్ గారికి ఈ గొడవేమీ అర్థం కాలేదు, తన మాటకి ఎవరో పెద్దావిడ బదులు పలికిందనుకున్నారు, వాళ్ళ చర్చీల్లో అలా పలుకుతారట, సంతోషంగా అమ్మ వైపు తల ఊపి రెండో వాక్యం అందుకున్నారు, వీ లివ్‌డ్ ఆన్ ద వాటర్, అని ఆగారు, ఇంగ్లీషుకేం పోయింది, వీ అని చేతులు దులుపుకుంటుంది, అందులో ఎవరున్నారో ఎవరు లేరో చెప్పదు, తెలుగు అలా వదిలిపెట్టదు, మనమా మేమా తేల్చుకుని నోరు తెరవమంటుంది, మనం అనలేను, ఈ హాలంతా ఆ నీళ్ళ మీద లేదు, ఆ సంకెళ్ళలో నేనూ లేను, ఆ పిల్లని వేలం వేసిన చోట నేను లేను, అది ఆవిడది, దాని మీద చెయ్యి వెయ్యకూడదు, మేము అనాలి, మేము అంటే ఆవిడ, ఆవిడ నాన్న, ఆ వల, ఆ పాట, ఆవిడ నా గొంతు అరువడిగారు కాబట్టి ఈ గొంతుతో పాటు వచ్చేవాళ్ళందరూ కూడా, తెప్ప మీద నాన్న, మూడో వరసలో అమ్మ, ఇంతమంది ఒక్క మాటలో పడతారని నాకు తెలీదు, ఇన్నేళ్ళూ నన్ను బెదరగొట్టింది నల్ల అన్న మాటే అనుకుని దాని చుట్టూ దొంగలా తిరిగాను, నల్ల కాదు నన్ను బెదరగొట్టింది, దాని ముందున్న నేను అన్న మాట, క్లాసులో లేచి నిలబడ్డ నేను, గోడ ఇవతల నిలబడ్డ నేను, ఇంటిపేరు కోసేసుకుని, అమ్మని ఇంటి దగ్గర ఉండిపొమ్మని, పక్కన ఎవరూ లేకుండా చేసుకున్న నేను, ఒక్కదాన్నే నిలబడితే ఏ మాటకైనా భయమే వేస్తుంది, వెర్నెల్ గారు ఓపిగ్గా చూస్తున్నారు, మేము, అన్నాను, గొంతు వణుకుతూనే ఉంది, మేము నీళ్ళ మీద బతికినవాళ్ళం, అన్నాను, అమ్మ కూర్చున్న చోటు నుంచే ఔనంది.